మొహమాటానికి దొరికిన అమ్మ

శ్రీమతి గారికి,

నేనిక్కడ కులాసా. నువ్వూ, పాపా, మీ నాన్నగారూ అక్కడ కులాసాగా ఉన్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. నీ ఉత్తరం అందింది. సగం ప్రశ్నలే ఉన్నాయి. ఒక్కొక్కటిగా చెబుతాను, కంగారుపడకుండా చదువు.

ఊరు ఎలా ఉందని అడిగావు. శుభ్రంగా ఉంది, మరీ శుభ్రంగా ఉంది. వీధిలో కాగితం ముక్క కనబడదు, కుక్క మొరగదు. బస్సు నిండా జనం ఉన్నా మాట వినబడదు. మొదటిరోజు నేను తుమ్మితే అందరూ తిరిగి చూశారు. విసుక్కోలేదు, నవ్వలేదు, ఊరికే చూశారు. ఇళ్ల కిటికీలకు తెరలుండవు. లోపల మనుషులు కుర్చీలు వేసుకుని వీధిలోకి చూస్తుంటారు. నేను చెయ్యూపితే వాళ్లూ ఊపుతారు, నేను మలుపు తిరిగేదాకా ఆపరు. ఎంత మర్యాదస్తులో అనుకున్నాను.

పని బాగానే సాగుతోంది. ఆసుపత్రి కొత్త భవనంలో లిఫ్టులు బిగిస్తున్నాం. పట్టాలు నిలబెట్టడం అయిపోయింది, తాళ్లు వేయాలి. ఇక్కడి మేస్త్రీ నెమ్మదస్తుడు. అడిగినదానికి తప్ప నోరు విప్పడు.

ఇక తిండి. హోటలు తిండి కాదు, ఇంటి భోజనమే. అదెలాగంటే నా మొహమాటం జబ్బు గురించి చెప్పాలి. మన పెళ్లిచూపుల్లో మీ పిన్ని అడిగిందని మూడోసారి కూడా వడ్డించుకుని, ఇంటికెళ్లి పొట్ట పట్టుకుని పడుకున్న మనిషిని కదా. వచ్చిన మర్నాడు బస్సులో ఒక పెద్దావిడ పక్క సీటు మీది సంచి తీసి, "ఇవాళ ఇంత ఆలస్యం చేశావేం?" అంది. వాళ్ల భాష నాకు పని జరుపుకునేంత వచ్చు. పొరబడిందని అర్థమైంది. ముసలావిడని నలుగురిలో చిన్నబుచ్చడం ఎందుకని, "పని తెమల్లేదు" అన్నాను. అంతే, ఇరుక్కుపోయాను. మర్నాడూ సీటు ఆపింది. ఆ మరుసటి రోజు సంచి ఇంటిదాకా మోయించింది. తలుపు తీసిన పెద్దాయన నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "చొక్కా మార్చుకుని రా, భోజనం చల్లారిపోతోంది" అన్నాడు. మంచం మీద ఇస్త్రీ చేసిన చొక్కా ఉంది. కాదనలేక తొడుక్కున్నాను. భుజాల దగ్గర కూడా సరిగ్గా సరిపోయింది. అప్పటినుంచి అక్కడే ఉంటున్నాను.

వాళ్లకు ఒక్కడే కొడుకట, ఎప్పుడో పోయాడట. మేస్త్రీ చెప్పాడు. "నేను అతనిలా ఉంటానా?" అని అడిగాను.

"లేదు. ఉండక్కర్లేదు కూడా. మీకంటే ముందొచ్చిన లిఫ్టాయన మీ వీధి చివరింట్లో అబ్బాయిగా ఉన్నాడు. రోజూ మీకు చెయ్యూపుతాడుగా."

ఆ సాయంత్రం నేను ఆ ఇంటివైపు చూడకుండా నడిచాను.

పాపకు వచ్చిన గౌను సంగతి అడిగావు. 'నానమ్మ నుంచి' అని చీటీ ఉందనీ, కొలిచి కుట్టినట్టుందనీ, నానమ్మ ఎక్కడిదనీ రాశావు. కొలతలు చెప్పింది నేనే. ఆవిడ టేపు పట్టుకుని కూర్చుని పాప ఎంత ఎత్తుంటుందని అడిగితే, నా నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. చీటీ రాసిందీ నేనే. నీకు చెప్పకుండా దాచినందుకు తిట్టుకో.

ఇదంతా మొహమాటం అంటున్నాను గాని, అది మొదటి వారం మాట. మా అమ్మ ముఖం నాకు తెలియదు. హాస్టల్లో ఆలస్యంగా వెళితే గేటు మూసేవాళ్లు, ఎందుకు ఆలస్యమైందని అడిగేవాళ్లు కాదు. ఆవిడ అడుగుతుంటే ప్రాణం లేచొస్తోంది. నీకు కష్టంగా ఉంటుందని తెలిసీ రాస్తున్నాను. మొన్న ఆవిడ, "పాప నీ పోలికా, వాళ్లమ్మ పోలికా?" అంది. జవాబు చెప్పబోతే పాప ముఖం గుర్తుకు రాలేదు. గౌను గుర్తొచ్చింది. భయం వేసింది.

సెలవులకు మీరిద్దరూ వస్తామన్నారు. ఇక్కడ గది సిద్ధంగా ఉంది. పాపకు చిన్న మంచం వేశారు. కిటికీ దగ్గర నీకో కుర్చీ. పెద్దాయన దానికి రంగు వేస్తూ, "ఎప్పుడొస్తారు?" అంటే తేదీ చెప్పేశాను. టికెట్లు రద్దు చేయించు. మీ నాన్నగారిని పంపు. ఆయనకు మొహమాటం అంటే ఏమిటో తెలియదు. నేనెవరో తెలియనట్టు మాట్లాడినా వినకుండా రెక్క పట్టుకుని లాక్కుపొమ్మను.

ఇది పని దగ్గర, ఇంకా తాళ్లు వేయని లిఫ్టు పెట్టెలో కూర్చుని తలుపు మూసుకుని రాస్తున్నాను. ఆదివారం ఆవిడ కాగితం, పెన్నూ ఇచ్చి పక్కన కూర్చుంటుందట, మిమ్మల్ని రమ్మని రాయించడానికి. నా సంగతి నీకు తెలుసు, రాయనని అనలేను. రాస్తాను. నీకు కన్నీళ్లొచ్చేలా బతిమాలుతాను. అది నా చేతిరాతే, అందులో ప్రతి మాటా నా మనసులోదే. అయినా రావద్దు.

ఇట్లు,
ఇవాళ్టికింకా మీ ఆయన