తమ్ముడి కుడి భుజం

2020, ఏప్రిల్ 9

లాక్‌డౌన్‌తో సాంచాలు ఆగి రెండు వారాలు. ఆ మరమగ్గాల మోత లేని ఉధ్నాలో ఎవరు ఏం మాట్లాడినా పక్కింటికి వినిపిస్తోంది. అందరూ గొంతు తగ్గించారు.

తమ్ముడు శ్రీను ఇంట్లోనే. మరదలు పిల్లలతో పుట్టింటికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది. సాయంత్రం వాడికి కుడి భుజం నొప్పి. అమ్మ నువ్వుల నూనెలో వాము వేసి కాచి, చాలాసేపు రుద్దింది. నేను వార్త కోసం స్కూటర్ మీద పల్సానా దాకా పోయి వచ్చాను. నా నడుము సంగతి ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 14

మళ్ళీ భుజం. ఈసారి వీపు మీదికి కూడా, రెక్క ఎముక కింద. మళ్ళీ నూనె. "నాక్కూడా జర రుద్దు" అన్నాను, నవ్వుతూనే.

"నీకేమైందే, బండి మీద తిరిగేదానివి. వాడు ఇరవై ఏండ్ల సంది సాంచాలు నడుపుతుండు."

నేను అంతకంటే ఎక్కువ కాలంగా వార్తలు రాస్తున్నాను. మా ఇంట్లో అది ఒంటితో చేసే పని కిందికి రాదు.

ఏప్రిల్ 15

గారెలు. వాడికి మూకుట్లోంచి తీసినవి తీసినట్టే. నాకు డబ్బాలో దాచినవి.

ఏప్రిల్ 19

అమ్మ వాదన — "ఊకె కూసుంటే నరాలు పట్టుకుంటయి." నిరుటి వాదన — సాంచాలు నడిపి నడిపి పట్టుకున్నాయి. నడిపినా నొప్పే, ఆపినా నొప్పే. ఇలాంటి వార్త ఎవరైనా తెస్తే వెనక్కి పంపుతాను.

అదే అన్నాను. శ్రీను బోర్లా పడుకునే నవ్వాడు. "ఏందక్కా, నా భుజం మీద గూడ వార్త రాస్తవా?"

అమ్మ కూడా నవ్వింది. చేయి మాత్రం ఆపలేదు.

ఏప్రిల్ 23

రేషన్ వరుసలో మన తెలుగువాళ్ళు కొందరు, అందరూ సాంచాల మీద పనిచేసేవాళ్ళే. భుజాల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాను. వార్త కోసం కాదు.

"సాంచాలు బందైనంక భుజాలకు ఆరామే అక్కా. పరేషానంత కడుపుకే" అన్నాడు ఒక పెద్దాయన. వరుసంతా నవ్వింది. అందరికీ తగ్గింది. మా ఇంట్లో వాడొక్కడికే పెరిగింది.

నటన. ఈ మాటకు ఇప్పుడు ఆధారం ఉంది.

ఏప్రిల్ 27

ఇంకా ఆధారాలు. పప్పన్నం తిన్న రోజు నొప్పి లేదు. గారెలు, సర్వపిండి, కోడికూర తిన్న రోజు మాత్రం — తిన్న కాసేపటికే మొదలు. ఎప్పుడూ కుడి వైపే. కడుపు నిండాక అమ్మ చేయి కావాలి, అంతే.

నటనేనని అమ్మతో అనేశాను. వంటింట్లో, వాడికి వినపడేలా.

"సొంత తమ్ముని మీద గంత కుళ్ళెందుకే నీకు?"

కుళ్ళే. కాదని రాయను.

మే 3

వాడికి వాంతులు. అమ్మ పక్కనే కూర్చుని వీపు నిమిరింది, అన్నం కూడా తినలేదు. నాకు చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే పక్కింటావిడ చూసుకుంది. అమ్మ కండెలు చుట్టే పనికి పోయేది. న్యాయంగా చెప్పాలంటే, పోక తప్పని రోజులు.

న్యాయంగా చెప్పడం ఇవాళ ఇష్టం లేదు.

మే 6

కోడికూర వండితే వాడు ముట్టుకోలేదు. వాసనకే మొహం తిప్పుకున్నాడు. నటించేవాడు కోడికూర వదులుకుంటాడా... ఇది నేను అనుకున్నదానికి అతకడం లేదు. పక్కన పెట్టాను.

మే 8

పొద్దున చలిజ్వరం. అమ్మ కరోనా అనుకుని తలుపులు మూసింది, పక్కవాళ్ళకు తెలుస్తుందని. నేను కిటికీ తెరిచి వాడి మొహం చూశాను. కళ్ళు పసుపు. కళ్ళు పసుపు చేసుకోవడం ఎవరి వల్లా కాదు.

ఆటోలు లేవు. ప్రెస్ పాస్ చూపించుకుంటూ స్కూటర్ మీదే తాపీ నది దాటించి అడాజన్ ఆసుపత్రికి తీసుకుపోయాను. దారంతా వాడి తల నా వీపుకు ఆనించి ఉంది. వేడి తెలుస్తోంది.

సోనోగ్రఫీ. పిత్తాశయంలో రాళ్ళు, వాపు. ఒక రాయి జారి పైత్యరసం పోయే గొట్టంలో ఇరుక్కుంది. చీము పట్టింది. నొప్పి పుట్టేది పొట్టలోనేనట, తెలిసేది భుజంలో, వీపులో.

డాక్టర్ హిందీలో ప్రశ్న మీద ప్రశ్న. ఎప్పటి నుంచి? కుడి వైపేనా? నూనె వస్తువులు తిన్నాకేనా? పని లేనప్పుడు కూడా వచ్చిందా? అన్నిటికీ జవాబు చెప్పాను, తేదీలతో సహా.

"బాగా గమనించారు. మరి ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు? మొదట్లోనే వస్తే మామూలు ఆపరేషన్ చేసి ఇంటికి పంపేవాళ్ళం."

నా దగ్గర జవాబు ఉంది. ఇవ్వలేదు.

మే 9

కరోనా లేదని తేలింది. రోగితో ఒక్కరినే ఉండనిస్తారు. అమ్మను వద్దన్నారు, వయసు చూసి.

"అమ్మ రాదా?"

"నేనున్నా కదరా."

"ఉన్నవులే అక్కా" అని గోడవైపు తిరిగాడు.

నొప్పిగా ఉందేమోనని భుజం మీద చేయి వేశాను. తీసెయ్యమనలేదు. బాగుందనీ అనలేదు.

మే 10

చీము రక్తంలోకి చేరిందట, బీపీ పడిపోతోంది. నోట్లోంచి గొట్టం పంపి రాయి తీస్తారు. పిత్తాశయం తీసే ఆపరేషన్ ఆ తర్వాతెప్పుడో, బతికి బయటపడితే. డాక్టర్ "బతికితే" అనలేదు. "బీపీ నిలబడితే" అన్నాడు. సంతకం పెట్టాను. లోపలికి తీసుకుపోయారు.

అమ్మ ఫోన్. "మొదలే దవఖానకు తోల్కపోతే గింత దాంక వచ్చేదా బిడ్డా?"

"డాక్టర్‌ను అడిగి చెప్తా" అన్నాను.

"నేనే గా నూనె రాసుకుంట కూసున్న..." ఏడ్చింది. ఏడుస్తుంటే విన్నాను. నాకోసం ఎప్పుడైనా ఇట్లా ఏడ్చిందా అని వెతుక్కున్నాను. ఇప్పుడు కూడా.

తప్పు నీది కాదమ్మా అని ఒక్క మాట అంటే చాలు. ఆ వెంటనే, మరి ఎవరిదే అని అడుగుతుంది.

తలుపు ఇంకా తెరవలేదు. ఫోన్ మళ్ళీ మోగుతోంది. అమ్మే.