రెండుసార్లు చచ్చిన సిపాయి

తమ్ముడూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది.

నిన్న రెంటచింతలలో మన నాటకం ఆడాం. యుద్ధంలో దెబ్బతిన్న సిపాయి మిలిటరీ ఆసుపత్రిలో పద్యం పాడి ప్రాణం వదుల్తాడే, అదే. హార్మోనియం నేనే వాయించా. నర్సు వేషం వేసినామె అతని మొహం మీద దుప్పటి కప్పగానే జనం "వన్స్ మోర్" అని ఈలలేశారు. నువ్వుంటే మొదటి ఈల నీదే. చచ్చినోడు దుప్పటి తీసి లేచి కూర్చుని, "శ్రుతియ్యి మామా" అన్నాడు. ఇచ్చా. మళ్లీ పాడి మళ్లీ చచ్చాడు. తెర పడ్డాక టీ తాగుతూ నవ్వుతుంటే లాగి కొట్టబుద్ధయింది.

సరిహద్దు నుంచి నిన్ను తెచ్చిన ఆసుపత్రిలో నీ మొహం మీద దుప్పటి కప్పినప్పుడు నేను మంచం పక్కనే ఉన్నా. చేతులు కట్టుకుని నిలబడ్డా. ఒక్కసారన్నా "వన్స్ మోర్" అని అరవలేదురా.

మీ అన్న