డీకన్ అను కంచరగాడిదను ఎక్కడ అప్పగించవలెను

శ్రీయుత కమిషనర్ గారికి,
కాంటినెంటల్ కాలేజీ ఫుట్‌బాల్ లీగు ప్రధాన కార్యాలయం.

అర్జీదారు: ఓరిన్ కెల్‌హామర్, వయసు యాభై మూడు, వృత్తి సెప్టిక్ ట్యాంకులు తోడుట, నివాసం డెంట్ ఫోర్క్.

విషయం: లీగుల పునర్విభజన వలన హాలెట్, డెంట్ ఫోర్క్ కాలేజీల మధ్య ఏటా జరిగే ఫుట్‌బాల్ ఆట రద్దయినందున, నేను దొంగిలించిన కంచరగాడిదను తిరిగి ఇచ్చే మార్గం లేకపోవుట గురించి.

సూచిక: ఇదే విషయమై మార్చి నెలలో తమ కార్యాలయంలో నేను స్వయంగా ఇచ్చుకున్న అర్జీ. దానికి జవాబుగా తమ వారు నాకొక టోపీ ఇచ్చారు.

అయ్యా,

పై అర్జీదారు, అంటే నేనే, తమకు విన్నవించుకునేదేమనగా:

1. హాలెట్ యూనివర్సిటీ నదికి అవతల ఉన్నది. మా కాలేజీ ఇవతల ఉన్నది. నడుమ అరవై మైళ్ల గోధుమ చేలు, ఒక వంతెన. ఈ రెండు జట్లూ తొంభై నాలుగేళ్లుగా నవంబరు మూడో శనివారం తలపడుతున్నాయి. మోకాలి లోతు మంచులో బంతి ఎక్కడుందో తెలియకుండా కూడా ఆడాయి. నేను మా కాలేజీలో చదివినది ఒక్క సెమిస్టరు. అందులో సగం హెల్మెట్ పెట్టుకుని నేల మీద వెల్లకిలా పడి ఉన్నాను. కాబట్టి ఈ అర్జీలో తప్పులు దొర్లితే, ఆ రోజుల్లో హాలెట్ తరఫున డెబ్బై ఒకటో నంబరు చొక్కా తొడుక్కున్న ఎద్దులాంటి మనిషిని సంజాయిషీ అడగగలరు.

2. ఆటకు ముందు గురువారం నాడు మా వాళ్లలో ఒకడు హాలెట్ వెళ్లి, వాళ్ల జట్టు గుర్తుగా పెంచుకునే కంచరగాడిదను దొంగిలించవలెను. శనివారం హాఫ్‌టైమ్‌లో ఇరవై వేల మంది చూస్తుండగా, మైదానం నడిమధ్యన, యాభై గజాల గీత మీద దాని పగ్గం సంరక్షకురాలి చేతికి తిరిగి ఇవ్వవలెను. ఆమె తిట్టవలెను. దొంగ టోపీ తీసి, నడుము వంచి, ఆ తిట్లు స్వీకరించవలెను. హాఫ్‌టైమ్‌లో తిరిగి ఇచ్చినది దొంగతనం కిందకు రాదని రెండు ఊళ్ల ఒడంబడిక. ఇరవై ఆరేళ్లుగా ఆ దొంగను నేను. ఆ గాడిద డీకన్. మేమిద్దరం ఒకే ఏడు ఉద్యోగంలో చేరాము.

3. సంరక్షకురాలి పేరు వెర్నా ల్యూకెన్. అరవై ఎనిమిదేళ్లు. ఆ గురువారం మటుకు ఆమె కొట్టానికి తాళం వేయదు. గుమ్మంలో ఓట్స్ సంచి ఒకటి పెట్టి, దానికొక చీటీ గుచ్చుతుంది. "మూడు పూటలా పెట్టు. ఎక్కువ పెడితే పొట్ట ఉబ్బుతుంది, దొంగ వెధవా." ఇరవై ఆరేళ్లుగా అదే చీటీ. వెధవ అన్న మాట కింద గీత మాత్రం ఏటేటా లావవుతున్నది.

4. రెండేళ్ల కిందటి జులైలో మా లీగులోని పది జట్లలో ఎనిమిదింటిని తమరూ, తమ వంటి మరొక పెద్ద లీగు వారూ పంచుకున్నారు. హాలెట్ తమ వాటాకు వచ్చింది. మేమూ, ఎండిపోయిన సరస్సు ఒడ్డున ఉన్న ఇంకొక కాలేజీ మిగిలాము. రెండు జట్లున్న దాన్ని లీగు అనరు, మొగుడూ పెళ్లాల తగువు అంటారు. గంటసేపు బస్సులో వచ్చి మాతో ఆడి, మా దగ్గరే సాసేజీలు తిని ఇల్లు చేరే హాలెట్ పిల్లలు, కిందటి నవంబరు మూడో శనివారం రెండు విమానాలు మారి అట్లాంటిక్ ఒడ్డున ఆడారు. టీవీ వాళ్లు కోరిన వేళకు ఆడారు. అక్కడి జనానికి హాలెట్ అనేది ఊరి పేరో మందు పేరో తెలియదు.

తమ ప్రకటనలో "కాలేజీ ఫుట్‌బాల్ భవిష్యత్తు" అన్న ముక్క పదకొండు సార్లు ఉన్నది. గాడిద ప్రస్తావన ఒక్కసారీ లేదు. వృత్తి రీత్యా నాకు వాసన పట్టడంలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నదని మాత్రం ఈ సందర్భంలో మనవి.

5. ఇంత తెలిసీ కిందటి నవంబరు గురువారం నేను వెళ్లి డీకన్‌ను దొంగిలించాను. ఇది నా తప్పు. ఒప్పుకుంటున్నాను. ఇంట్లో మనిషి పోయాక కూడా అలవాటు కొద్దీ రెండో కంచం పెట్టేవాళ్లుంటారు, ఆ జాతి తప్పు. ఆఖరి ఘడియలో ఎవరో ఒకరు సర్దుబాటు చేస్తారనుకున్నాను. అయితే కొట్టానికి తాళం లేదు. గుమ్మంలో సంచి ఉన్నది. చీటీ ఉన్నది. అంటే ఆట పోయిందని ఆవిడా నమ్మలేదన్న మాట.

శనివారం మధ్యాహ్నం డీకన్‌ను పట్టుకుని మా మైదానంలో యాభై గజాల గీత మీద నిలబడ్డాను. గడ్డి కోసే పీట్ తన యంత్రం ఆపి వచ్చాడు.

"ఎవరి కోసం ఓరిన్?"

"హాఫ్‌టైమ్ కోసం."

పీట్ వెనక్కి వెళ్లి యంత్రం ఎక్కాడు. మా చుట్టూ అంత మేర వదిలేసి మిగతా గడ్డి కోసుకున్నాడు.

6. మరునాడు గాడిదను లారీ వెనక ట్రెయిలరులో ఎక్కించి హాలెట్ తీసుకెళ్లాను. వెర్నా గేటు దాకా వచ్చి, గేటు తీయకుండా నిలబడింది.

"ఏంటిది?"

"మీ గాడిద."

"నాకేం కనబడ్డం లేదే."

"మీ ఎదురుగానే ఉంది వెర్నా గారూ. మీ గేటు నాకుతోంది."

"ఆదివారం పూట గేటు దగ్గర ఎప్పుడన్నా తీసుకున్నానా నేను? గీత మీద ఇవ్వు, తీసుకుంటా."

"గీత మీద ఆట లేదు కదండీ."

"ఆ ముక్క నా చేత అనిపిద్దామనా ఇంత దూరం వచ్చావు? ఇవాళ ఇక్కడ ఈ పగ్గం పట్టుకున్నానంటే, ఆట చచ్చిపోయిందని నేను సంతకం పెట్టినట్టే. పెద్ద పెద్దవాళ్లు పెట్టార్లే సంతకాలు, నాది కూడా కావాలా? తోలుకుపోరా."

తోలుకుపోరా అన్నది గానీ, గేటు సందులోంచి చెయ్యి పెట్టి దాని చెవి వెనక చాలాసేపు గోకుతూ ఉండిపోయింది. తర్వాత నా వంక చూడకుండా, "చలికాలం. నీళ్లు గోరువెచ్చగా పెట్టు" అన్నది.

7. యూనివర్సిటీ వారికి రాశాను. వాళ్ల ప్రచార విభాగం నుంచి జవాబు వచ్చింది. కొత్త లీగు స్థాయికి తగినట్లు, ప్రాణమున్న జంతువు స్థానంలో గాడిద వేషం తొడుక్కున్న మనిషిని నియమించినారట. "సదరు జంతువుతో ఇకపై మాకు ఎట్టి సంబంధమూ లేదు" అని రాసి, కింద నవ్వుతున్న గాడిద బొమ్మ ముద్రించారు. డీకన్ ఏనాడూ నవ్వలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో నవ్వదగ్గది దానికేమీ కనబడలేదు.

అటు తర్వాత లొంగిపోదామని డీకన్‌ను వెంటబెట్టుకుని మా పోలీసు కచేరీకి వెళ్లాను. అక్కడి డెప్యూటీ రాయ్స్ నాతో పాటు బడిలో బెంచీ ఎక్కినవాడు.

"ఫిర్యాదు ఎవరిది?" అన్నాడు.

"నాదే."

"దొంగ ఎవరు?"

"నేనే."

"ఒకే పేరు రెండు గళ్లలో రాస్తే పైవాళ్లు నా మొహాన కొడతారు. సొంతదారు ఏమన్నాడు?"

"వద్దన్నాడు."

"వద్దన్నదాన్ని పట్టుకెళ్తే దొంగతనం కాదు ఓరిన్, చెత్త ఎత్తుకెళ్లడం. అది రోజూ నువ్వు చేసే పనేగా. ఇంటికి పో."

అది విని డీకన్ చెవులు వాలేసిందని రాస్తే అబద్ధమవుతుంది. వాలినవి నావి.

8. మార్చిలో నా లారీ వేసుకుని తమ కార్యాలయానికి వచ్చాను. అదే సెప్టిక్ లారీ, నాకున్న బండి అదొక్కటే. గేటు దగ్గర వాచ్‌మన్ ముక్కు మూసుకుని, ఏమీ అడక్కుండా లోపలికి చెయ్యూపాడు. తమ లాబీలో, లీగు విజేతకిచ్చే వెండి కప్పు ఉన్న గాజు బీరువా పక్కన మూడు గంటలు కూర్చున్నాను. బల్ల దగ్గరి అమ్మాయి మర్యాదస్తురాలు.

"అపాయింట్‌మెంట్ ఉందా సర్?"

"గాడిద ఉందమ్మా."

"కమిషనర్ గారు భవిష్యత్తు మీద మీటింగులో ఉన్నారు సర్."

"అందులోంచి ఎప్పుడు బయటికొస్తారు?"

ఆమె పాపం ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని, నాకు టోపీ ఇచ్చింది. దాని మీదా ఆ నవ్వే గాడిదే. అభిమానులందరికీ ఇస్తారట.

9. డీకన్ నవంబరు నుంచి సరిగ్గా మేత ముట్టడం లేదు. శనివారాలు మా కాలేజీ బ్యాండు వాళ్లు హాఫ్‌టైమ్ పాటలు సాధన చేస్తుంటే, వినబడిన దిక్కుగా నడిచి కంచెకు ఛాతీ ఆనించి నిలబడుతుంది. బాజా ఆగినా కదలదు. తీసుకెళ్లే మనిషి వస్తుందని చూస్తుందనుకుంటాను. పశువుల డాక్టరమ్మ వచ్చి పళ్లు చూసింది, పొట్ట చూసింది. "రోగం లేదు ఓరిన్. వయసైంది, తిండి మానేసింది. ఇలాగే ఉంటే ఇంకో చలికాలం దాటదు" అన్నది.

10. అది నా దొడ్లో పోతే నేను దొంగనే. ఇరవై ఆరేళ్లు చేసినది వేళాకోళం కాదు, దొంగతనమే అవుతుంది. తిరిగి ఇవ్వనిదాన్ని ఇంకేమనాలో తమ లాయర్లు చెప్పినా సరే.

11. కావున రాబోయే నవంబరు మూడో శనివారం హాలెట్ జట్టును ఒక్క మధ్యాహ్నం మాకు వదలవలసినదిగా ప్రార్థన. టీవీ అక్కర్లేదు. గెలుపు అక్కర్లేదు, కావలిస్తే ముందే రాసిస్తాము. ఆట మొత్తం ఇవ్వడానికి వీలు కాని పక్షంలో హాఫ్‌టైమ్ ఒక్కటైనా ఇప్పించవలెను. ఇరవై నిమిషాలు. ఖాళీ మైదానమైనా పర్వాలేదు, గీత ఉంటే చాలు. తిట్టే మనిషి సిద్ధంగా ఉన్నది.

తొంభై నాలుగేళ్ల దానిలోంచి ఇరవై నిమిషాలు అడుగుతున్నానని చిత్తగించవలెను.

తమ విధేయుడు, నవంబరు దాకా,
ఓరిన్ కెల్‌హామర్

తా.క. గత గురువారం మళ్లీ తమ కార్యాలయానికి వచ్చాను. వాచ్‌మన్ మళ్లీ ముక్కు మూసుకున్నాడు. లాబీలోని గాజు బీరువాలో ఇప్పుడు ఉన్నది సెప్టిక్ గొట్టం మూత, వెండి రంగు నేనే వేశాను. వారమైనా తమ వారెవరూ కనిపెట్టలేదంటే, ఆ కప్పు వంక చూసే అలవాటు అక్కడ ఎవరికీ లేదన్న మాట. లారీ ఇంజను ఆపకుండా బయట కూర్చున్నది ఎవరో రాయను. అరవై ఎనిమిదేళ్లు. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నది.

అసలు కప్పు క్షేమం. డీకన్ దానిలో ఓట్స్ తింటున్నది. ఎందుకో తెలియదు, అందులో పోస్తే తింటున్నది. మూడు పూటలా పెడుతున్నాను, ఎక్కువ పెట్టడం లేదు.

తమ కప్పు హాఫ్‌టైమ్‌లో, యాభై గజాల గీత మీద, తమ చేతికే ఇస్తాను. తిట్లు సిద్ధం చేసుకుని రాగలరు. గేటు దగ్గర ఇవ్వబడదు.