ఉప్పునీళ్ల తొట్టి

మైపాడు

ప్రసాద్ బావకు వనజాక్షి రాస్తున్నది. ఇక్కడ నేను, అత్త, మన వెన్నెల పాప ఆరోగ్యంగానే ఉన్నాం. మంగళూరులో మీరూ మీ బోటువాళ్లూ బాగున్నారని తలుస్తాను. ఫోన్లో చెబుదామంటే అత్త పక్కనే కూర్చుంటుంది. అందుకే ఈ ఉత్తరం.

మన పేట చేపల కోల్డ్‌రూమ్ ఎండతో ఎలా చల్లబడుతుందని అడిగారు గదా. కప్పు మీది పలకల్లో నీళ్లు ఎండకు కాగుతాయి. ఆ వేడితోనే మిషన్ చల్లదనం పుట్టిస్తుంది. నవ్వకండి, నిజమే! సముద్రపు గాలిలోని చెమ్మ లోపలికి పోకుండా తొట్టిలో ఒకరకం మందు కలిపిన ఉప్పునీరు ఉంటుంది. అది చెమ్మను పీల్చుకుని పలచబడుతుంది. మళ్లీ ఆ వేడే దాన్ని చిక్కబరుస్తుంది. మొన్నటిదాకా ఇదంతా చూసుకునే పెద్ద ఇంజినీరును నేనే.

మొన్నటి ముసురుకు ఎండ లేక తొట్టి బాగా పలచబడింది. తాళాలు నా దగ్గరా, నాతో పనిచేసే కుర్రాడు హెబ్రోను దగ్గరా ఉంటాయి. ఆ పొద్దున అత్త కూడా నాతో వచ్చింది. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఎండుచేపలకు ఉప్పు వేసే చెయ్యి, ఊరుకుంటుందా?

"పస లేదుమే, చేపలు చెడిపోతాయి" అంది.

ఇందులో మన ఉప్పు పొయ్యొద్దని చెప్పి, అత్తను అక్కడే వదిలి నేను చేపలు తూకం వేయించడానికి వెళ్లాను. ఇంటికొచ్చి కల్లుప్పు బుట్ట ఖాళీగా ఉండటం చూశాక గానీ అత్త పోసేసిందని నాకు తెలియలేదు. అప్పటికే మన ఉప్పు ఆ మందులో గడ్డకట్టి గొట్టాలు పూడుకుపోయాయి. పేటలో అందరి రొయ్యలూ, వంజరాలూ కుళ్లిపోయాయి.

తొట్టిలో ఉప్పు పోసింది నువ్వేనా అని పెద్దమనుషులు హెబ్రోనును నిలబెట్టి అడిగారు. "నేను తొట్టి మూతన్నా తియ్యలేదక్కా" అని నా వైపు చూశాడు. అత్త నా పక్కనే ఉంది. లేచి చెబుతుందని చాలాసేపు చూశాను. చివరికి నేనే లేచాను.

"నేనే పోసినా" అన్నాను.

పనికి ఎందుకు పోవడం లేదని అడిగారు గదా, ఇదీ సంగతి. తాళం తీసేసుకున్నారు. కొళాయి దగ్గర కూడా ఎవరూ నాతో మాట్లాడటం లేదు. దానికి నేను ఏడవలేదు. ఇంటికొచ్చాక అత్త నన్ను దగ్గరకు తీసుకుంటుందనుకున్నాను. అన్నం పెడుతూ ఒక్క మాట అంది.

"చెప్పినావు గదా, ఇంక మాట మార్చబాక."

మార్చను బావా. మీ అమ్మ కాబట్టి మీకు కోపం రావచ్చు. నాకూ సొంత మేనత్తే, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషే. ఇప్పుడు ఆ చేత్తో పెట్టిన ముద్ద నాకు గొంతు దిగడం లేదు.

ఇట్లు,
మీ భార్య
వనజాక్షి