అడుగు పొర కొబ్బరి, పై పొర అక్రోటు

వదినగారికి, వీధిలో అందరూ మిరపకాయమ్మ అనే మీ వియ్యపురాలిని. వయసు డెబ్బై దాటింది. ఇంట్లో నేనూ మీ అమ్మాయీ ఉంటాం. నేను చెబుతుంటే పక్కింటి దర్జీ రాస్తున్నాడు.

నా కొడుకు పోయాడు కాబట్టి మీ అమ్మాయిని తీసుకుపోతామని కబురంపారు. వచ్చి ఎత్తుకుపోవడానికి అదేమన్నా పెట్టెనా?

కాపురానికొచ్చిన కొత్తలో అది క్యారెట్ కేకు చేసి, మీ వైపు పద్ధతిలో క్రీములో కొబ్బరి కలిపింది. "కొబ్బరి తలకు రాసుకునేది, కేకుకు కాదు" అన్నాను. మా వైపు అక్రోటు పలుకులే వేస్తాం. అప్పటి నుంచి అడుగు పొర మీద తనకు కొబ్బరి, పై పొర మీద నాకు అక్రోటు. నా పళ్ళు ఊడాక, అడక్కుండానే ఆ పలుకుల్ని మెత్తగా పొడి చేసి వేస్తోంది.

నిన్న అది చూడకుండా అడుగు పొర తిన్నాను. బాగుంది. ఈ మాట దానికి చెప్పకండి.

అది మీతో వస్తానంటే ఆపను. కానీ నాకూ ఒక మంచం వేయించండి. కొబ్బరి ఊసెత్తను.

ఇది నా వేలిముద్ర.

సాక్షులు: రాసిన దర్జీ, గుమ్మంలో నిలబడి అంతా విన్న మీ అమ్మాయి.