పసుపు గుడ్డ కట్టిన తీగ

హన్మకొండ,
శుక్రవారం.

మేడం గారికి, మీ కాలేజీ మొక్కల గది అటెండరు నమస్కారాలు.

మీరు మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

పాలంపేట అవతలి అడవిలో మనకు కనబడిన తీగ ఎండిపోయింది. రాఖీపువ్వు జాతిలో ఇంత చిన్న తెల్లపువ్వు ఇంకెక్కడా చూడలేదని మీరన్న తీగే. కాయ కూడా నిలవలేదు, విత్తనం పంపలేను.

మార్చిలో మీరు దాని చుట్టూ ముళ్లకంప వేయమని చెప్పి వెళ్లారు. ఆ రోజు నాకు మోకాళ్లు పట్టేశాయి. కంప కొట్టే ఓపిక లేక, తీగ మొదట్లో పసుపు గుడ్డ కట్టి వచ్చాను. దేవత అనుకుని ఎవరూ ముట్టుకోరనుకున్నాను.

నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు. అమ్మవారు వెలిసిందని ఊరివాళ్లు చుట్టూ ఉన్న పొదలన్నీ నరికి నేల అలికారు. తీగ పాకడానికి కొమ్మ లేదు, నీడ లేదు. ఈ ఎండలకు మాడిపోయింది.

మీ రిపోర్టులో ఊరివాళ్లు నరికారని రాయకండి. నా పేరు రాయండి.

నిన్న వెళ్తే బక్కమ్మ అనే ముసలామె అక్కడ కూర్చుని ఉంది. "అమ్మ ఎందుకు అలిగింది సారూ? దినాం నీళ్లు పోస్తనే ఉన్నం. మేమేం తక్కువ జేసినం?" అంది.

"ఏం తక్కువ జెయ్యలే అవ్వా" అన్నాను.

గుడ్డ విప్పుదామని వంగాను. నేను మొక్కుతున్నాననుకుని ఆమె కూడా నా పక్కన వంగి దండం పెట్టింది. నేనూ పెట్టి వచ్చేశాను.