మూల దగ్గర అంకె

గౌరవనీయులైన డీన్ గారికి,

నిరుడు ఇలీంకా మున్త్యాను అనే విద్యార్థినిని నేను పరీక్షలో ఫెయిల్ చేశాను. కేబుల్ బొమ్మను కంప్యూటర్‌లో చిన్న గళ్లుగా విడగొట్టి, దాని చివర విద్యుత్ క్షేత్రం ఎంతో నేను పాఠంలో చెప్పినట్టే లెక్కగట్టి చూపమంటే, "గళ్లు చిన్నవి చేసేకొద్దీ లోహపు మూల దగ్గర అంకె ఎక్కడా ఆగకుండా పెరుగుతూనే ఉంది సార్. దీన్నెలా నమ్మడం?" అంది. "నువ్వా నాకు చెప్పేది? కూర్చో!" అన్నాను. ఆమె చదువు మానేసింది.

మొన్న క్లాసులో నేనే గళ్లు చిన్నవి చేసి చూశాను. అంకె రెట్టింపైంది. ఇన్నేళ్లూ నేను చెప్పిన జవాబే తప్పు.

నిన్న అరాద్ ఊళ్లో ఆమె కొవ్రిగి అనే చుట్ట రొట్టెలు కాల్చే కొట్టుకి వెళ్లి క్షమించమన్నాను. చేతుల పిండి దులుపుకుంటూ, "నా సంగతి సరే సార్. మీ జవాబే నమ్మి ఎంతమంది పాసై వెళ్లారు?" అంది.

నలభై ఒక్కమంది. దయచేసి ఆమె మార్కు దిద్ది, తిరిగి చేర్చుకోండి. మిగతావాళ్ల చిరునామాలు నాకు ఇప్పించండి. ఆ జవాబు తప్పని ఒక్కొక్కరికీ నేనే రాసుకుంటాను.

ఇట్లు,
ఆ పాఠం చెప్పినవాడు